40 వేలలో గేమింగ్ పీసీ: లైట్లు చూసి పడిపోకండి

మా పిన్ని కొడుకు భీమవరంలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. సంక్రాంతికి పాలకొల్లు వచ్చినప్పుడు ఫోన్‌లో ఒక ఫొటో చూపించి, "అన్నయ్యా, సెకండ్ హ్యాండ్‌లో ఐ7 అంట, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్, మొత్తం 28 వేలే, తీసేసుకోనా?" అన్నాడు. గాజు తలుపు, లోపల ఆరు ఫ్యాన్లు, తీర్థంలో రంగులరాట్నంలా ఒకటే మెరుపులు. నాకు నవ్వొచ్చింది, కొంచెం కడుపు కూడా మండింది, ఎందుకంటే నాలుగేళ్ల కిందట నేనూ సరిగ్గా ఇలాంటిదే కొని మునిగాను. పైన పటారం, లోన లొటారం.

నాకు అంటగట్టింది కూడా ఐ7 అనే ఇంటెల్ ప్రాసెసర్‌నే, కాకపోతే 3వ తరం, అంటే 2012 నాటిది. 4 జీబీ గ్రాఫిక్స్ (ఆట బొమ్మల్ని తెర మీదికి తెచ్చే కార్డు) అన్నది జీటీ 730, అది 2014 కార్డు. ఆ 4 జీబీ అనేది మెమరీ ఎంతుందో చెబుతుంది తప్ప బలం ఎంతో చెప్పదు. ఇప్పటి ప్రాసెసర్లలో ఊరికే కలిసి వచ్చే గ్రాఫిక్స్ దానికంటే నయం. అందుకే ఎవరైనా "ఐ5 అండి, ఐ7 అండి" అంటే వెంటనే మోడల్ నంబర్ అడగండి. చెప్పడానికి నసిగితే అక్కడితో బేరం వదిలేయండి.

పాత తరంతో ఇంకో చిక్కుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 సక్రమంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో 8వ తరం నుంచి ఉండాలి, టీపీఎం 2.0 (కంప్యూటర్ లోపలి ఒక భద్రతా ఏర్పాటు) ఉండాలి. అడ్డదారిలో ఎక్కించి ఇస్తాం అంటారు, ఎక్కుతుంది కూడా, కానీ విండోస్ 11 మీద వాలరెంట్ ఆడాలంటే దాని యాంటీ చీట్ (ఆటలో మోసాలు పట్టే ప్రోగ్రామ్) టీపీఎం, సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు నమ్మదగ్గ సాఫ్ట్‌వేరే ఎక్కేలా చూసేది) రెండూ అడుగుతుంది. కుర్రాళ్లు కొనేదే ఆ ఆట కోసం, తీరా చూస్తే అదే తెరుచుకోదు.

కాబట్టి ముందు ఏం ఆడతారో తేల్చుకోండి. వాలరెంట్, జీటీఏ 5 లాంటివి చాలనుకుంటే మొదట్లో విడిగా గ్రాఫిక్స్ కార్డే అక్కర్లేదు. సైబర్‌పంక్ లాంటి బరువైన ఆటలు కావాలంటే మాత్రం కార్డు లేకుండా కుదరదు, అప్పుడు 40 వేలు సరిపోతాయని నేను చెప్పలేను.

మా వాడికి నేను చెప్పిన దారి ఇది. మానిటర్ కాకుండా 40 వేలు పెట్టుకో, ప్రస్తుతానికి ఇంట్లో టీవీకి హెచ్‌డీఎంఐ వైరు పెట్టి, టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేసుకుని ఆడు. ప్రాసెసర్ ఏఎండీ కంపెనీ రైజెన్ 5 5600జీ. 2021లో వచ్చింది, 6 కోర్లు, వేగా గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. సెట్టింగులు తగ్గించుకుంటే పైన చెప్పిన ఆటలు 1080పీ (ఫుల్ హెచ్‌డీ)లో హాయిగా నడుస్తాయి. ఒక్క మాట మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి: ఈ వేగాకి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌లోంచే తీసుకుంటుంది, అందుకని 16 జీబీ స్టిక్ ఒకటి కాకుండా 8 జీబీవి రెండు వేయించండి. ఒక్క స్టిక్ వేస్తే ఆట నత్తనడక నడుస్తుంది, రెండేస్తే తేడా కంటికే తెలుస్తుంది. షాపువాళ్లు "తర్వాత ఇంకోటి వేసుకోవచ్చండి" అంటారు, వినకండి. ర్యామ్ ధరలు 2025 చివర్లో బాగా పెరిగాయి కాబట్టి పాత వీడియోల్లో చెప్పిన రేట్లు పట్టుకుని షాపుకి వెళ్లొద్దు. ఆ రోజు రేటు రెండు మూడు చోట్ల కనుక్కుని వెళ్లండి.

హార్డ్ డిస్క్ వద్దు, 500 జీబీ ఎస్ఎస్‌డీ చాలు. జీటీఏ 5 ఒక్కటే వంద జీబీ దాటుతుంది కాబట్టి 256 మాత్రం చాలదు.

కేబినెట్, కీబోర్డు, మౌస్: గాలి ఆడే కేబినెట్ ఏదైనా సరే, మిగతావి ఏవి చవకైతే అవి.

రెండో దారి, ఆఫీసుల్లో వాడి వదిలేసిన డెల్, హెచ్‌పీ మెషీన్లు. 8వ తరం ఐ5 ఉన్నది దొరికితే మంచిదే. కాకపోతే వాటిలో సన్నగా ఉండే చిన్న కేబినెట్లలో ఎత్తు తక్కువున్న పొట్టి గ్రాఫిక్స్ కార్డులే పడతాయి, ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే డబ్బా) కూడా చాలావాటిలో కంపెనీ సొంత కొలతల్లో ఉంటుంది, బయట దొరికేది బిగించలేం. అలాంటి వాటికి విడిగా పవర్ వైరు అక్కర్లేని పొట్టి జీటీఎక్స్ 1650 కార్డు వేయడం తేలికైన మార్గం, అది 75 వాట్లతో బోర్డు మీది స్లాట్ నుంచే నడిచిపోతుంది. కొంటే పెద్ద టవర్ ఉన్నదే కొనండి.

ఇప్పుడు అసలు సంగతి, ఎస్ఎంపీఎస్. ఎవరూ పట్టించుకోరు, బయటికి కనబడదుగా. కేబినెట్‌తో పాటు ఉచితంగా ఇచ్చేదాని మీద 450 వాట్లని రాసి ఉంటుంది, ఆ రాత నమ్మి రేపు కార్డు వేస్తే ఆట మధ్యలో ఠప్పున ఆగిపోతుంది, ఖర్మ కాలితే పోతూ పోతూ బోర్డునీ తీసుకుపోతుంది. పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే ముద్ర), 550 వాట్లది, బిల్లుతో కొనండి. మొత్తంలో పదో వంతు దీనికి పోయినా ఏడవకండి. మన వైపు కరెంటు సంగతి మీకు తెలియనిది కాదు, చెరువుల మీద ఏరియేటర్లు, బోర్లు అన్నీ ఒకేసారి లాగుతుంటే సాయంత్రం లైట్లు మినుకు మినుకుమనే ఊళ్లు ఎన్ని లేవు!

ఎర్తింగ్ కూడా చూపించుకోండి. కేబినెట్ ఇనుము ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుందా? కంప్యూటర్ పాడైందని కంగారు పడకండి, చాలాసార్లు మీ సాకెట్‌లో ఎర్త్ లేదని అర్థం. ఎస్ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ నుంచి కొద్దిగా లీకయ్యే కరెంటు ఎర్త్‌లోకి పోవాలి, దారి లేక ఇనుములో నిలుస్తుంది. మూడో పిన్ను విరిచేసి గుచ్చడం, రెండు పిన్నుల ఎడాప్టర్ పెట్టడం లాంటి తెలివితేటలు వద్దు, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనకాల యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో కరెంటు మారే ఆ క్షణంలో కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోవచ్చు. ఇన్వర్టర్ లేకపోతే చిన్న 600 వీఏ యూపీఎస్ పెట్టుకోండి, ఆట సేవ్ చేసి ఆపుకునే టైము దొరుకుతుంది. అంతకు మించి దాని నుంచి ఆశించకండి.

తర్వాత డబ్బులు చేరాక కార్డు. 5600జీ ఉన్నవాళ్లు ఆర్‌ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీ జోలికి పోవద్దు, బోర్డుతో మాట్లాడే పీసీఐ దారులు వాటికి నాలుగే, ఈ ప్రాసెసర్ ఇచ్చేది పాత 3.0 స్పీడు, అందుకని కార్డుకున్న బలం కూడా పూర్తిగా బయటికి రాదు. ఆర్‌ఎక్స్ 6600 అయితే బాగుంటుంది, 8 జీబీ, 132 వాట్లే. సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌ఎక్స్ 580 చవగ్గా కనబడుతుంది, అయితే 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం మైనింగ్ (కార్డుల్ని రాత్రింబవళ్లు నడిపి క్రిప్టో డబ్బు సంపాదించడం) ఆగిపోయాక బజార్లో పడ్డవి అందులో చాలా ఉంటాయి. పైగా 2048 ఎస్‌పీ అని కోత కోసిన రకం ఒకటుంది, అసలుదానికి 2304 షేడర్లు (కార్డులో లెక్కలు చేసే చిన్న భాగాలు). కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో ఆ అంకె చూసి, కార్డుని గట్టిగా పరీక్షించే ఫర్‌మార్క్ ఒక పావుగంట మీ కళ్లముందు నడిపించి, తెర మీద చుక్కలు, గీతలు రాకపోతేనే డబ్బు చేతిలో పెట్టండి. వీడియో కాల్‌లో చూపిస్తాను, ముందు అడ్వాన్స్ వేయండి అనేవాళ్లకి ఒక దండం.

ఎక్కడ కొనాలి అంటారా? రాజమండ్రి, కాకినాడలో దొరుకుతాయి, మరీ రేటు తేడా ఉంటే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల బజారు చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా వెళ్లి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. అలా తెస్తే కార్డు విప్పి దాని పెట్టెలో పెట్టుకుని రండి. బిగించి ఉన్నది రైలు కుదుపులకి స్లాట్‌ని విరిచేయొచ్చు. నేనైతే రెండు వేలు ఎక్కువైనా దగ్గర్లోనే కొంటాను, పాడైతే బండి మీద వెళ్లి అడగొచ్చు.

ఇంటికి తెచ్చాక నేల మీద పెట్టకండి. వరద వచ్చే గోదావరి లంక ఊళ్లలో ఉన్నవాళ్లకి ఎందుకో చెప్పక్కర్లేదు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది, కాబట్టి కిటికీ పక్కన వద్దు. వెనకాల ఖాళీ స్లాట్లకి మూతలు ఉంచండి, లేకపోతే బల్లులు లోపల కాపురం పెడతాయి.

మా వాడు చివరికి 5600జీనే కట్టించుకున్నాడు, ఒక్క రంగు లైటు కూడా లేదు. స్నేహితులు వచ్చి ఇదేం గేమింగ్ పీసీరా అంటున్నారంట. కార్డు స్లాట్ ఇంకా ఖాళీగానే ఉంది, వచ్చే దసరాకి మా బాబాయ్ కొబ్బరి డబ్బుల్లోంచి ఇస్తానన్నాడు, రేటు పలికితే.