విల్లు నేర్చుకుందాం – 6వ పాఠం: గోనెసంచి జింక, గుండె దడ

పోయిన పాఠంలో ఇచ్చిన పని పూర్తయిందా? ఆరడుగుల దూరంలో గడ్డిమోపు, కాగితం లేదు, గురి లేదు, కళ్ళు మూసుకుని రోజుకు 30 బాణాలు, పది రోజులు. విసుగు పుట్టే పనే. అయినా అది పూర్తి చేయనివాళ్ళు దయచేసి ఇక్కడే ఆగి వెనక్కి వెళ్ళండి. ఇవాళ చెప్పేదంతా ఆ పది రోజుల మీదే నిలబడుతుంది.

ముమ్మిడివరం వైపు నుంచి ఒక కుర్రాడు నా దగ్గరికి వస్తాడు. 18 మీటర్ల దూరంలో గురి కాగితం పెడితే పదికి ఎనిమిది బాణాలు నడిమధ్యనుండే పసుపులోనే వేస్తాడు. మొన్న రెండు గోనెసంచులు కలిపి కుట్టి, వరిగడ్డి కూరి, కాళ్ళకు కొబ్బరి మట్టలు కట్టి ఒక జింకను చేశాను. తోటలో రెండు చెట్ల మధ్య, ఆకుల నీడ పడేచోట నిలబెట్టాను. దూరం అదే 18 మీటర్లు, విల్లు అదే. చుట్టూ పదిమంది నిలబడ్డారు. మొదటి మూడు బాణాలూ జింక వీపు మీదుగా పోయి వెనకున్న గడ్డిమేటులో గుచ్చుకున్నాయి. "గుండె గొంతులోకొచ్చేసిందండీ మాస్టారూ, నా చెయ్యి నాది కాదనిపించిందండీ" అన్నాడు.

అమెరికాలో విల్లుతో జింకల్ని వేటాడేవాళ్ళకు ఇది బాగా తెలిసిన కష్టం. బక్ ఫీవర్ అంటారు, అంటే మగజింకను చూడగానే వచ్చే జ్వరం. ఏడాదంతా పెరట్లో చక్కగా వేసినవాడు కూడా ఎదురుగా జింక వచ్చి నిలబడితే వణికిపోతాడు. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం జైలుకు పంపే నేరం. పాపికొండల అడవిలో మచ్చల జింక కనబడితే చూసి సంతోషించాలి, అంతే. నాకు కావలసింది వేట కాదు, ఆ దడ. అదే దడ పోటీలో ఆఖరి బాణం దగ్గర మీకూ వస్తుంది.

దడ వచ్చినప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. అడ్రినలిన్ ఎక్కుతుంది, గుండె వేగం పెరుగుతుంది, పెద్ద కండరాలకు బలం వస్తుంది. వేళ్ళతో చేసే సున్నితమైన పని మాత్రం చెడుతుంది. అందుకే టెన్షన్‌లో వేళ్ళను నమ్ముకున్నవాడు దెబ్బ తింటాడు, వీపును నమ్ముకున్నవాడు నిలబడతాడు.

రేవులో పడవ తాడు లాగేవాళ్ళను చూడండి. కొత్తవాడు మోచేతులతో లాగి పది నిమిషాల్లో అలసిపోతాడు. అలవాటున్నవాడు వీపుతో లాగుతాడు. నారిని లాగడం కూడా అంతే. చూపుడువేలు దవడ ఎముక కిందికి, నారి గడ్డానికీ ముక్కు కొసకూ తగిలాక చాలామంది ఆగిపోతారు. ఆగకూడదు. కుడి మోచెయ్యి వెనక్కి పోతూనే ఉండాలి, రెండు రెక్కల ఎముకల మధ్య ఒక కాగితాన్ని నొక్కి పట్టినట్టు. ఈ కదలిక బయటికి కనబడేంత ఉండదు, మీకు మాత్రమే తెలుస్తుంది. అది ఆగిన క్షణంలో బరువంతా వేళ్ళ మీదికి వస్తుంది, వణుకు మొదలవుతుంది. ఇక వదలడం అంటారా, వేళ్ళు తెరవకండి. నిండు బకెట్‌ను కింద పెట్టేటప్పుడు వేళ్ళు విప్పుతున్నాం అనుకోం కదా, పట్టు మానేస్తాం. అంతే.

ఎడమచెయ్యి సంగతి క్లుప్తంగా చెబుతాను. విల్లును పిడికిలి బిగించి పట్టుకోవద్దు. బొటనవేలి కింది మెత్తటి కండ మీద విల్లు ఆనాలి, మిగతా వేళ్ళు వదులుగా ఉండాలి. పడిపోతుందన్న భయముంటే వేళ్ళకు తాడు కట్టుకోండి. దడ వచ్చినప్పుడు అందరూ ముందు చేసే తప్పు విల్లును నొక్కి పట్టుకోవడమే.

మరి మా కుర్రాడి బాణాలు పైకెందుకు పోయాయి? రెండు కారణాలు. ఒకటి, వదలకముందే బాణం ఎక్కడ పడుతుందో చూద్దామని తల ఎత్తాడు. కంటికీ బాణం తోకకూ మధ్య దూరం పెరిగితే బాణం పైకే పోతుంది. రెండోది, అతను జింక మొత్తాన్ని చూశాడు. మంచి వేటగాళ్ళు జింకను చూడరు, ముందుకాలి వెనక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోట ఒక్క వెంట్రుకను చూస్తారు. నేను గోనె మీద అదే చోట సున్నంతో రూపాయి బిళ్ళంత చుక్క పెట్టి, మిగతా జింకను మర్చిపొమ్మన్నాను. నాలుగో బాణం చుక్కకు నాలుగు వేళ్ళ దూరంలో దిగింది.

ఇప్పుడు ఊపిరి. విల్లు ఎత్తేముందు రెండుసార్లు, నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఎనిమిది లెక్కపెడుతూ వదలండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుంది, అది శరీరం తీరు. లాగేటప్పుడు పీల్చి, గురి కుదిరేటప్పుడు సగం వదిలి ఉంచండి. దడ పూర్తిగా పోవాలని మాత్రం ఎదురుచూడొద్దు. అది ఉన్నా పని జరుగుతుంది.

ఈ మాట నేను కష్టపడి నేర్చుకున్నాను. చాలా ఏళ్ళ క్రితం ఒక పోటీలో, ఆఖరి బాణానికి, గురి పసుపు దాకా రాకముందే ఎరుపు అంచు తగలగానే నా వేళ్ళు విడిపోయాయి. ఆ తర్వాత ఎనిమిది నెలలపాటు విల్లు పసుపు మీద నిలబడలేదు. దీన్ని టార్గెట్ పానిక్ అంటారు. ఫలితం కావాలని కన్ను తొందరపడుతుంది, వీపు పని ఇంకా పూర్తికాదు. నన్ను బయటపడేసింది మీరు పది రోజులు చేసిన ఆ కాగితం లేని గడ్డిమోపే.

విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కెనడా ఆటగాడితో ఆడిన ఆట వీలైతే చూడండి. అయిదు సెట్లయ్యాక 5-5, సమం. గెలుపు తేల్చడానికి ఇద్దరికీ చెరో బాణం. 70 మీటర్ల దూరంలో పది మార్కులిచ్చే నడిమి వలయం అడ్డం 12.2 సెంటీమీటర్లు. ధీరజ్ పదిలో వేశాడు, ఎదుటివాడూ పదిలోనే వేశాడు, అతని బాణం మధ్యకు దగ్గరగా ఉందని గెలుపు అతనికి ఇచ్చారు. ఆ సమయంలో పది వేయడం ధీరజ్ చేతిలో ఉన్న పని, అది చేశాడు. ఎదుటివాడి బాణం అతని చేతిలో లేదు. ఓడిన ఆ బాణాన్ని నేను చాలాసార్లు తలచుకుంటాను.

ఈ వారం అభ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైనది వదలకుండా దించడం. పక్కన ఒకరిని నిలబెట్టుకోండి. మీరు పది సార్లు లాగితే మూడుసార్లు, ఎప్పుడన్నది ముందు చెప్పకుండా, వాళ్ళు "దించు" అనాలి. విల్లు గడ్డి వైపే ఉంచి, నారిని వేళ్ళ నుంచి జారనివ్వకుండా, మెల్లగా ముందుకు, లాగకముందున్న చోటికి తీసుకురండి. నాలుగైదు సెకన్లలో గురి కుదరకపోతే ఎవరూ చెప్పకపోయినా దించండి. దించగలిగినవాడికి వదలాలన్న తొందర ఉండదు. బాణం లేకుండా మాత్రం నారిని ఎప్పుడూ వదలొద్దు, ఆ శక్తంతా విల్లుకు పైనా కిందా వంగే కొమ్మల్లోకి పోయి అవి విరగొచ్చు.

మూడో రోజు నుంచి దడ తెచ్చుకోండి. కాలువ గట్టు దాకా పరిగెత్తి వచ్చి, ఆయాసం తీరకముందే విల్లెత్తండి. ఊపిరి రెండుసార్లు, చుక్క, వీపు. ఈ వరుస మారకూడదు. అయిదో రోజు ఇంట్లోవాళ్ళను పిలిచి ఒక్క బాణానికి కొబ్బరిబొండం పందెం కట్టండి. ఒక్కటే బాణం, రెండో అవకాశం లేదు.

చోటు గురించి మళ్ళీ చెబుతున్నాను. గట్టు అడ్డంగా ఉంది కదా అని దానివైపు వేయొద్దు, మన గట్ల మీద ఎవరో ఒకరు సైకిల్ మీద పోతూనే ఉంటారు. గురి తప్పిన బాణం వంద మీటర్లు దాటి పోగలదు. వెనక ఎత్తయిన గడ్డిమేటు, దాని వెనక మనుషులు తిరగని ఖాళీ చోటు ఉండాలి. తోటలో కొబ్బరికాయల దింపు జరిగే రోజున విల్లు బయటికి తీయొద్దు.

పొద్దున్నే చేయండి, మధ్యాహ్నమైతే సముద్రం గాలి లేస్తుంది. ఆ గాలిలో ఎలా వేయాలన్నది 7వ పాఠం. అందాకా పుస్తకంలో మార్కులు రాయకండి. ఎన్నిసార్లు లాగారు, ఎన్నిసార్లు దించారు, ఈ రెండంకెలే రాసుకుని రండి.