ఇనుప ఖనిజ బోరులో భూభౌతిక లాగింగ్: ప్రోబ్ దించే వరుస, గ్రాఫు చదివే తీరు

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సుర్జాగఢ్ కొండల్లో దొరికేది హెమటైట్ అనే ఇనుప ఖనిజం. ఇటువంటి నిక్షేపాల్లో గట్టి రాయి ఉన్నంత లోతూ కోర్ (డ్రిల్లింగ్‌లో బయటికి తీసే స్తంభాకార రాతి నమూనా) నిండుగానే వస్తుంది. మెత్తటి పొడి ఖనిజం తగిలితే మాత్రం అది డ్రిల్లింగ్ నీటితో కొట్టుకుపోయి, కోర్ పెట్టెలో ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో ఏముండేదో చెప్పగలిగేది బోరు గోడే కనుక, సిరొంచ, అహేరి వైపు నుంచి డ్రిల్లింగ్ క్యాంపులలో చేరే మన తెలుగు యువకులు లాగింగ్ పని, అంటే ప్రోబ్ అనే కొలత పరికరాన్ని కేబుల్‌తో బోరులోకి దించి గోడ రాళ్ల గుణాలను లోతు వారీగా గ్రాఫులో నమోదు చేసే పని, తెలుసుకోవడం మంచిది.

పొడి ఖనిజంలో డ్రిల్లింగ్ రాడ్లు తీయగానే గోడ కూలే ప్రమాదం ఉన్నందున, రాడ్లు లోపల ఉండగానే ఒకసారి సహజ గామా (రాయి నుంచి సహజంగా వెలువడే గామా కిరణాలు) కొలవాలి. రాడ్ల ఉక్కు వల్ల రీడింగు తగ్గినా పొరల హద్దులు తెలుస్తాయి. రాడ్లు తీశాక ముందుగా ఉత్త డమ్మీ ప్రోబును అడుగుదాకా దించి, బోరు తెరిచే ఉందని తేలితేనే బోరు వెడల్పును కొలిచే కాలిపర్, ఆ తరువాతే రేడియోధార్మిక సీజియం-137 మూలం ఉన్న సాంద్రత ప్రోబ్ దించాలి. ఆ మూలాన్ని వాడడానికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి తప్పనిసరి. అది బోరులో ఇరుక్కుంటే కేబుల్‌ను బలవంతంగా లాగకుండా రేడియేషన్ భద్రతాధికారికి వెంటనే తెలియజేయాలి. కొలత ఎప్పుడూ అడుగు నుంచి పైకి, కేబుల్ బిగువుగా ఉండగా, నెమ్మదిగా సాగాలి. లోతును నేలమట్టం నుంచి లెక్కిస్తున్నారా, కేసింగ్ (బోరు పైభాగంలో దించిన గొట్టం) అంచు నుంచా అన్నది ముందే రాసుకోవాలి. చిన్న విషయంలా కనిపించినా, కోర్‌తో పోల్చేటప్పుడు తగవంతా ఇక్కడే వస్తుంది.

హెమటైట్ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 5.2 గ్రాములు, క్వార్ట్జ్‌ది 2.65 కాబట్టి సాంద్రత గీత పైకి లేచిన కొద్దీ ఇనుము పెరుగుతున్నట్టే. పొటాషియం, థోరియం ఎక్కువగా ఉండే షేల్ (బంకమట్టి గట్టిపడిన రాయి) దగ్గర గామా పెరుగుతుంది. సాంద్రత తగ్గినా గామా తక్కువగానే ఉంటే అది గోథైట్ (నీరు కలిసిన ఇనుప ఖనిజం) గానీ, సిలికా (క్వార్ట్జ్) పట్టెలు గానీ, రంధ్రాలున్న ఖనిజం గానీ కావచ్చు. అయితే ఆ నిర్ణయానికి వచ్చేముందు కాలిపర్ గీత చూడాలి. 96 మిల్లీమీటర్ల హెచ్‌క్యూ (ఒక ప్రామాణిక డ్రిల్లింగ్ పరిమాణం) బోరు ఒకచోట 140 మిల్లీమీటర్లకు వెడల్పయిందనుకుందాం. అక్కడ ప్రోబుకు, గోడకు మధ్య నీరు చేరి మంచి ఖనిజం కూడా 2.5 సాంద్రత గల రాయిలా కనిపిస్తుంది. నా దృష్టిలో కాలిపర్ లేని సాంద్రత గీతను పక్కన పెట్టడమే మేలు.

అయస్కాంత గ్రహణశీలత (రాయి అయస్కాంతానికి ఎంతగా స్పందిస్తుందన్న) కొలత, అయస్కాంత గుణం ఎక్కువున్న ఇనుప ఖనిజమైన మాగ్నటైట్‌ను విడదీసి చూపుతుంది. మాగ్నటైట్ ఉన్నచోట దిక్సూచితో పనిచేసే పరికరం దిశ తప్పు చూపుతుంది కనుక, బోరు వంపును అయస్కాంతంపై ఆధారపడని గైరో పరికరంతోనే కొలవాలి.

ప్రోబ్ చూపే సాంద్రతలో రాయిలోని నీరు కూడా కలిసి ఉంటుంది. టన్నుల లెక్కకు దాన్ని నేరుగా వాడకుండా, పూర్తిగా దక్కిన కోర్ ముక్కలను ఆరబెట్టి తూచి, ఆ తేడా మేరకు సవరించుకోవాలి.