ఉద్దానంలో రక్తపరీక్షకు జనం రావాలంటే: సామాజిక మార్కెటింగ్ చేసే విధానం

సబ్బులు, టీపొడి అమ్మే నేర్పును ప్రజలకు మేలుచేసే అలవాట్ల వ్యాప్తికి వినియోగించడమే సామాజిక మార్కెటింగ్. 1971లో ఫిలిప్ కోట్లర్, జెరాల్డ్ జాల్ట్‌మన్ రాసిన వ్యాసంతో ఈ పేరు స్థిరపడింది కాని, మన దేశంలో 1968లోనే నిరోధ్ అనే కండోమ్‌ను మూడింటికి 15 పైసల ధరకు, టీపొడి, సబ్బుల కంపెనీల పంపిణీ ద్వారా దుకాణాలకు చేర్చారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వంటి మండలాల్లో, మూత్రపిండాల వ్యాధిపై పనిచేసే సంఘాలు ఈ పద్ధతిని అనుసరించవచ్చు.

ముందుగా, ఏం చేయమని అడుగుతున్నారో తేల్చుకోవాలి. ‘ఆరోగ్యం కాపాడుకోండి’ అంటే ఎవరూ ఏమీ చేయలేరు. ‘ఏడాదికోసారి సీరం క్రియాటినిన్ పరీక్ష (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చేయించుకోండి’ అంటే చేయగలరు. ఈ ప్రాంతంలో వ్యాధికి మూలకారణం ఇంకా తేలలేదు గనుక, ఫలానాది మానేస్తే రోగం రాదని హామీ ఇవ్వకూడదు.

తరువాతిది ధర, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. పరీక్ష ఉచితమే అయినా మనిషి చెల్లించేది చాలా ఉంటుంది: జీడిపిక్కలు ఏరే రోజుల్లో ఒక పూట కూలి, ఫలితం ఏమని వస్తుందోనన్న దిగులు, ఇంట్లో జబ్బుందని తెలిస్తే పిల్లకు సంబంధం తప్పిపోతుందన్న భయం. అందువల్ల శిబిరాన్ని తోటలకు వెళ్లే వేళకు ముందే, ఊళ్లోనే పెట్టాలి. ఈ పరీక్షకు పరగడుపున ఉండనక్కరలేదు, చద్దన్నం తిని వచ్చినా ఫర్వాలేదు. ఎండలో పనిచేసి డస్సిపోయిన సాయంత్రం కన్నా ఉదయమే మేలు. ఫలితాన్ని కవరులో పెట్టి చేతికివ్వాలి. ‘మీది ఎక్కువగా ఉంది, పక్కన కూర్చోండి’ అని నలుగురిలో అనేశారంటే, మరుసటి ఏడాది ఆ వీధి నుంచి ఎవరైనా వస్తారని నేననుకోను. ఒక్కసారి ఎక్కువగా వచ్చినంత మాత్రాన దీర్ఘకాలిక వ్యాధి ఉన్నట్టు కాదని, మూడు నెలల తరువాత మళ్లీ చూడాలని కూడా అప్పుడే చెప్పాలి.

మూత్రపిండాలకు హాని చేయగల నొప్పి మాత్రలు మాన్పించడం మరో పని. దీన్ని పరీక్షతో కలపకుండా వేరుగా చేపట్టడమే మంచిది. నడుము పట్టేసిన కూలీకి డైక్లోఫెనాక్ మాత్ర నిజంగానే ఉపశమనం ఇస్తుంది, మరునాడు పనికి పంపుతుంది. మన సలహా దానితో పోటీపడాలి. మందుల దుకాణదారుని, ఊరి ఆర్‌ఎంపీని తప్పుపట్టడం కన్నా, మాత్ర ఇచ్చే ముందు ‘కిడ్నీ పరీక్ష చేయించుకున్నారా?’ అని అడిగేలా వారిని ఒప్పించడం ఎక్కువ ఫలిస్తుంది.

ప్రచారం చివరిది. డయాలసిస్ బొమ్మలతో బెదిరిస్తే జనం పరీక్షకే దూరమవుతారు. ముందుగా తెలిస్తే రక్తపోటును అదుపులో ఉంచి వ్యాధి వేగాన్ని తగ్గించవచ్చన్న మాటను, చికిత్స పొందుతున్న ఊరివారే ఇష్టపడి చెబితే నమ్ముతారు.

పంచిన కరపత్రాల లెక్క దేనికీ పనికిరాదు. రెండో ఏడాది తిరిగి వచ్చినవారెందరో, క్రియాటినిన్ ఎక్కువగా ఉన్నవారిలో పలాస కిడ్నీ ఆసుపత్రికి నిజంగా వెళ్లినవారెందరో ఆశా కార్యకర్తతో కలిసి ఊరివారీగా రాసిపెట్టుకోవాలి. పేర్లు మాత్రం ఆ పుస్తకం దాటి బయటకు రాకూడదు.