ఎంజీబీ కొనే ముందు ఏ ఏడాది బండో తేల్చుకోండి

ఈ బ్రిటిష్ స్పోర్ట్స్ కారు 1962 నుంచి 1980 దాకా తయారైంది. పేరు ఒకటే, బండి మాత్రం మారుతూ వచ్చింది.

– 1964 చివర్లో ఇంజిన్‌కు మూడు బదులు ఐదు మెయిన్ బేరింగులు (ఇంజిన్‌లో తిరిగే క్రాంక్‌షాఫ్ట్‌ను మోసేవి) వచ్చాయి. తరచూ నడిపేవారు ఆ తర్వాతిదే చూడండి.

– 1967 దాకా ఫస్ట్ గేరుకు సింక్రోమెష్ (గేరు గరగరలాడకుండా పడేలా చేసే అమరిక) లేదు.

– 1974 చివర్లో నల్ల రబ్బరు బంపర్లు పెట్టి, బండి ఎత్తు పెంచారు. మలుపుల్లో ఒరగడం ఎక్కువైంది. 1977 మోడల్‌తో కొంత కుదుటపడింది. నా ఓటు క్రోమ్ బంపర్లకే. అయితే రబ్బరువి తీసేసి క్రోమ్‌వి బిగించిన బళ్ళూ ఉంటాయి, ఛాసిస్ నంబరుతో ఏడాది సరిచూడండి.

– అన్నిటికన్నా ముఖ్యం తుప్పు. డోర్ల కింది సిల్స్ మీదే బాడీ బలమంతా ఉంటుంది. రంగు చూసి మోసపోకండి, అయస్కాంతం ఆనించి చూడండి; పుట్టీతో పూడ్చిన చోట అది అంటుకోదు. సిల్స్‌ను తుప్పు తినేసిన 1970 బండి కన్నా గట్టిగా ఉన్న 1978 బండే మేలు.