లైనక్స్‌లో వీపీఎన్: కనెక్టెడ్ అంటుంది, ఏదీ తెరుచుకోదు

ప్యానెల్‌లో వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీస్ నెట్‌వర్క్‌లోకి రహస్యంగా దారి వేసేది) గుర్తు వెలిగిందంటే అంతా సవ్యంగా ఉందని అనుకోకండి. అది మీ కంప్యూటర్‌లో కనెక్షన్లను చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్ అనే ప్రోగ్రామ్ చెబుతున్న మాట, అవతలి సర్వర్ చెబుతున్నది కాదు. ప్రొఫైల్ తీసేసి మళ్లీ పెట్టడం, ప్యాకేజీలన్నీ రీఇన్‌స్టాల్ చేయడం వల్ల టైమ్ పోతుందే తప్ప కారణం దొరకదు. సర్వర్ నుంచి జవాబు వస్తోందా, ప్యాకెట్లు (డేటా ముక్కలు) సరైన రూట్‌లో వెళ్తున్నాయా, సర్వర్ పేర్లకు అడ్రస్‌లు దొరుకుతున్నాయా, పెద్ద ప్యాకెట్లు దాటుతున్నాయా అని ఈ వరుసలోనే చూసుకుంటూ వెళ్లండి.

అసలు కనెక్టే కావడం లేదు

ఓపెన్‌వీపీఎన్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్ ఫైల్ ఇంపోర్ట్ చేయగానే ఎర్రర్ వస్తే చాలావరకు ప్లగిన్ లేకపోవడమే కారణం. ఉబుంటు, డెబియన్‌లలో ‘నెట్‌వర్క్-మేనేజర్-ఓపెన్‌వీపీఎన్-గ్నోమ్’ ప్యాకేజీ వేసుకుంటే సరిపోతుంది. వైర్‌గార్డ్ అనే మరో రకం వీపీఎన్‌కు ఈ బెడద లేదు, 2020లో వచ్చిన 5.6 వెర్షన్ నుంచి అది కెర్నల్‌లోనే (లైనక్స్ మూలభాగంలోనే) ఉంది.

ప్లగిన్ ఉన్నా కనెక్ట్ కాకపోతే టెర్మినల్‌లో ‘జర్నల్‌సీటీఎల్ -ఎఫ్ -యు నెట్‌వర్క్‌మేనేజర్’ నడుస్తుండగా కనెక్ట్ నొక్కి, ఏం రాస్తుందో చదవండి. ‘ఆథ్ ఫెయిల్డ్’ అని వస్తే సర్వర్ దాకా చేరారు, తేడా పాస్‌వర్డ్‌లోనో ఓటీపీలోనో ఉంది. 60 సెకన్లలో టీఎల్‌ఎస్ కీ నెగోషియేషన్ (రెండు వైపులా రహస్య కీలు కుదుర్చుకోవడం) జరగలేదని వస్తే చాలాసార్లు మీ ప్యాకెట్ అటువైపుకు చేరనేలేదని అర్థం. హాస్టల్, హోటల్ వై-ఫైలు ఓపెన్‌వీపీఎన్ మామూలుగా వాడే యూడీపీ 1194 పోర్టును ఆపేయడం మామూలే. ఫోన్ హాట్‌స్పాట్‌తో ప్రయత్నించండి. అక్కడ కనెక్ట్ అయితే తప్పు ఆ వై-ఫైదే, అడ్మిన్‌ని, వెబ్‌సైట్లు వాడే టీసీపీ 443 పోర్టు మీద నడిచే ప్రొఫైల్ ఇవ్వమనండి.

ఫెడోరాలో సర్టిఫికెట్ ఫైల్‌కు ‘పర్మిషన్ డినైడ్’ వస్తే ఎక్కువగా ఎస్‌ఈలైనక్స్ (ఏ ప్రోగ్రామ్ ఏ ఫైల్ తెరవొచ్చో చూసే భద్రతా వ్యవస్థ) అడ్డుపడుతుంటుంది. సర్టిఫికెట్లను హోమ్‌లోని ‘.సర్ట్’ ఫోల్డర్‌లోకి మార్చి, దాని మీద ‘రిస్టోర్‌కాన్ -ఆర్’ నడపండి. ఎస్‌ఈలైనక్స్‌నే ఆపేయమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి. ఒక్క ఫైల్ కోసం మొత్తం సిస్టమ్ కాపలా తీసేసినట్టవుతుంది.

వైర్‌గార్డ్ ఆన్‌లో ఉంది, ఒక్క బైటూ రావడం లేదు

కీ తప్పయినా, సర్వర్ ఆగిపోయినా వైర్‌గార్డ్ ఎర్రర్ చూపించదు. గుర్తింపు లేని ప్యాకెట్‌కు సర్వర్ జవాబే ఇవ్వదు, దాన్ని అలా తయారుచేశారు. అందుకే ‘సుడో డబ్ల్యూజీ షో’ నడిపి ‘లేటెస్ట్ హ్యాండ్‌షేక్’ (సర్వర్‌తో చివరిసారి పలకరింపు కుదిరిన సమయం) అనే లైన్ ఉందో లేదో చూడండి. లేకపోతే కీలు, సర్వర్ అడ్రస్, యూడీపీ పోర్టు సరిచూసుకోండి.

అన్నీ సరిగ్గానే ఉండి, నిన్నటిదాకా పనిచేసి, ఇవాళ బూట్ చేశాక ఆగిపోయిందా? గడియారం చూడండి. విండోస్, లైనక్స్ రెండూ ఉన్న ల్యాప్‌టాప్‌లలో ఇది బాగా వేధిస్తుంది. విండోస్ హార్డ్‌వేర్ గడియారంలో లోకల్ టైమ్ రాస్తుంది, లైనక్స్ దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుంటుంది. దాంతో మన దేశంలో టైమ్ అయిదున్నర గంటలు ముందుకు వెళ్తుంది. ఆ తప్పు టైమ్‌తోనే మొదటి హ్యాండ్‌షేక్ వెళ్లిందనుకోండి, సర్వర్ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత ఇంటర్నెట్ నుంచి సరైన టైమ్ వచ్చి గడియారం వెనక్కి జరిగినా, కొత్త హ్యాండ్‌షేక్‌లన్నీ పాతవిగా లెక్కగట్టి పారేస్తుంది. సర్వర్‌లో మీ పీర్‌ను (మీ కంప్యూటర్ ఎంట్రీని) తీసి మళ్లీ చేర్చేదాకానో, ఆ అయిదున్నర గంటలు గడిచేదాకానో అంతే సంగతి. ఇది మళ్లీ రాకుండా విండోస్ రిజిస్ట్రీలో ‘రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్’ విలువను 1 చేయండి. అది కుదరకపోతే లైనక్స్‌లో ‘టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1’ అనండి.

ఐపీతో వెళ్తుంది, పేరుతో వెళ్లదు

ఆఫీస్ సర్వర్ ఐపీకి పింగ్ వెళ్లి, పేరుతో వెళ్లకపోతే అది డీఎన్‌ఎస్ (పేరును ఐపీ అడ్రస్‌గా మార్చే వ్యవస్థ) సమస్య. ‘రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్’ నడిపితే ఇంటర్‌ఫేస్‌ల (వై-ఫై, వీపీఎన్ వంటి కనెక్షన్ల) వారీగా వివరాలు వస్తాయి. వీపీఎన్ ఇంటర్‌ఫేస్ కింద ఆఫీస్ డీఎన్‌ఎస్ సర్వర్, ఆఫీస్ డొమైన్ రెండూ కనిపించాలి. లేకపోతే వీపీఎన్ సెట్టింగ్స్‌లోని ఐపీవీ4 ట్యాబ్‌లో డీఎన్‌ఎస్ ఇచ్చి, సెర్చ్ డొమైన్‌లో ఆఫీస్ డొమైన్ చేర్చండి. డీఎన్‌ఎస్ వివరాలుండే ‘రిజాల్వ్.కాన్ఫ్’ ఫైల్‌ను చేత్తో దిద్దితే సాధారణంగా నిలవదు, సిస్టమ్ మళ్లీ తనకు కావలసినట్టు రాసేసుకుంటుంది.

టెర్మినల్‌లో పేరు దొరికి, ఫైర్‌ఫాక్స్‌లో మాత్రం దొరకకపోతే దాని సెట్టింగ్స్‌లో డీఎన్‌ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ (సిస్టమ్ డీఎన్‌ఎస్‌ను వదిలేసి బ్రౌజరే పేర్లు వెతుక్కునే పద్ధతి) ఆన్‌లో ఉందేమో చూడండి.

ఒక్క సర్వర్ మాత్రం అందదు

‘ఐపీ రూట్ గెట్’ తర్వాత ఆ సర్వర్ ఐపీ ఇవ్వండి. జవాబులో వీపీఎన్ బదులు వై-ఫై ఇంటర్‌ఫేస్ కనిపిస్తే, ఇంటి రౌటర్, ఆఫీస్ రెండూ 192.168.1 సిరీస్‌నే వాడుతున్నాయేమో చూడండి. అలా అయితే ప్యాకెట్ ఆఫీస్‌కు వెళ్లకుండా ఇంట్లోనే ఉండిపోతుంది. ఇంటి రౌటర్ సిరీస్ మార్చడమే సులువు. డాకర్ (ప్రోగ్రామ్‌లను విడివిడి కంటెయినర్లలో నడిపే సాధనం) వాడేవాళ్లు, అది తనకోసం వాడుకునే 172.17 సిరీస్ కూడా చూసుకోవాలి.

లాగిన్ పేజీ వస్తుంది, తర్వాత తిరుగుతూనే ఉంటుంది

పింగ్ బాగుంటుంది, చిన్న పేజీలు వస్తాయి, ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరపు సర్వర్ టెర్మినల్‌లో) పెద్ద ఫైల్ చూడబోతే బిగుసుకుపోతుంది. ఇవన్నీ కలిసి కనిపిస్తే ఎమ్‌టీయూని (ఒక ప్యాకెట్‌కు ఉండే గరిష్ఠ సైజును) అనుమానించండి. సర్వర్ స్లోగా ఉందని చాలామంది దీన్ని రోజుల తరబడి భరిస్తుంటారు.

వైర్‌గార్డ్ మామూలుగా టన్నెల్‌కు (వీపీఎన్ వేసే దారికి) 1420 బైట్ల ఎమ్‌టీయూ పెడుతుంది. బయటి పొర ఐపీవీ4 (పాత రకం ఐపీ అడ్రస్) అయితే 60 బైట్లు, ఐపీవీ6 (కొత్త రకం) అయితే 80 బైట్లు దానికి కలుస్తాయి. ఫైబర్ కనెక్షన్ పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కనెక్ట్ అయ్యే పద్ధతి) మీద నడిస్తే పట్టేది 1492 మాత్రమే. ఐపీవీ4 మీద 1480 కాబట్టి దాటుతుంది, ఐపీవీ6 మీద 1500 అవుతుంది కాబట్టి దాటదు. ఒకే ఇల్లు, ఒకే ల్యాప్‌టాప్ అయినా సర్వర్ అడ్రస్ ఐపీవీ6గా దొరికినప్పుడు మాత్రమే తేడా చేయడానికి కారణం ఇదే. మొబైల్ హాట్‌స్పాట్‌లో ఈ హద్దు ఇంకా తక్కువ ఉండొచ్చు.

టన్నెల్ ఆన్‌లో ఉంచి, లోపలి సర్వర్‌కు ‘పింగ్ -ఎమ్ డు -ఎస్ 1392’ పంపండి (ఇక్కడ ఎమ్ పెద్ద అక్షరం). 28 బైట్ల హెడర్ కలిస్తే సరిగ్గా 1420. జవాబు రాకపోతే ఎంత దగ్గర జవాబు వస్తుందో చూస్తూ సంఖ్య తగ్గించండి. దొరికిన సంఖ్యకు 28 కలిపి వీపీఎన్ సెట్టింగ్స్‌లోని ఎమ్‌టీయూ గడిలో ఇవ్వండి. అంత ఓపిక లేకపోతే 1280 పెట్టేయండి, దాదాపు అన్నిచోట్లా దాటుతుంది. ఓపెన్‌వీపీఎన్‌లో అయితే అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో టీసీపీ ఎమ్‌ఎస్‌ఎస్‌ను (ఒక్కో ప్యాకెట్‌లో పట్టే డేటా సైజును) పరిమితం చేసే టిక్ పెట్టి, వీపీఎన్‌ను ఒకసారి ఆపి మళ్లీ కనెక్ట్ చేయండి.