మీ కుక్క ఇవాళో రేపో ఈనబోతుందని ఎలా తెలుసుకోవాలి?

1. ముందు రోజులు లెక్కేసుకోండి. అందరూ 63 రోజులు అంటారు గానీ క్రాసింగ్ అయిన రోజు నుంచి లెక్కేస్తే 58 నుంచి 68 మధ్య ఎప్పుడైనా ఈనొచ్చు, ఎందుకంటే మగకుక్క వీర్యం లోపల కొన్ని రోజులు బతికే ఉంటుంది, కలిసిన రోజే కడుపు నిలవాలని రూలేం లేదు. 55 రోజులు దాటాక ఎక్స్‌రే తీయిస్తే పిల్లలెన్నో తెలిసిపోతుంది, అప్పుడు ఇంకా ఉన్నాయా అయిపోయాయా అనే కంగారుండదు.

2. థర్మామీటర్ పట్టుకోండి. నన్నడిగితే అన్నిటికంటే పనికొచ్చే గుర్తు ఇదే. 57వ రోజు నుంచి రోజుకి రెండు మూడు సార్లు చూడాలి. డిజిటల్ థర్మామీటర్ కొనకి కాస్త వాజలైన్ రాసి, తోక మెల్లగా పక్కకి జరిపి, మలద్వారంలోకి ఒక అంగుళం లోపే పెట్టి బీప్ అనేదాకా ఉంచి ఆ నంబర్ రాసుకోండి. 100, 101 ఫారెన్‌హీట్ దగ్గర తిరిగేది ఒక్కసారిగా 99 కిందకి వచ్చిందంటే మామూలుగా 24 గంటల్లోపు నొప్పులు మొదలైపోతాయి. కడుపుని నిలబెట్టే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పడిపోవడం వల్ల ఇలా అవుతుంది, కానీ టెంపరేచర్ కొన్ని గంటల్లోనే మళ్లీ పైకెక్కేస్తుంది కాబట్టి రోజుకొకసారే చూసేవాళ్లకి అసలు దొరకదు.

3. దాని తీరు గమనించండి. తిండి ముట్టదు, ఒక్కోసారి వాంతి చేసుకుంటుంది, దుప్పటి గోళ్లతో గీకి గీకి కుప్ప చేసి అందులో చుట్ట చుట్టుకుని పడుకుంటుంది, రెండు నిమిషాల్లో లేచి మళ్లీ గీకుతుంది, వణుకుతుంది, రొప్పుతుంది, వెనక్కి తిరిగి కింద నాక్కుంటుంది. ఇది 6 నుంచి 12 గంటలు నడుస్తుంది, తొలిచూలైతే ఇంకా ఎక్కువే. పాలు దిగడం చూసి మాత్రం లెక్క కట్టకండి, కొన్నిటికి వారం ముందే దిగుతాయి, కొన్నిటికి ఈనాకే.

4. పొట్ట బిగబట్టి ముక్కుతోందంటే ఇక పిల్ల వచ్చేస్తున్నట్టే. దూరంగా కూర్చుని టైం చూసుకోండి చాలు, చుట్టూ జనం మూగితే బెదిరిపోయి నొప్పులు ఆగిపోతాయి.

5. ఇవి కనిపిస్తే మాత్రం ఆగకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి: అరగంట గట్టిగా ముక్కినా పిల్ల రాకపోవడం, ఇంకా పిల్లలుండి కూడా రెండు గంటలు గ్యాప్ రావడం, టెంపరేచర్ పడి 24 గంటలైనా ఏమీ మొదలవకపోవడం. ఇంకోటి, మొదటి పిల్ల రాకముందే ఆకుపచ్చ నీరు కారితే లోపల మాయ విడిపోయినట్టు, అది ఎమర్జెన్సీ. (పిల్ల వచ్చాక అదే రంగు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు.) ఎవరో చెప్పారని నొప్పులొచ్చే ఇంజెక్షన్ మాత్రం మీరే ఇచ్చేయకండి, లోపల పిల్ల అడ్డం తిరిగి ఉంటే గర్భసంచి చిరిగిపోవచ్చు.