దివ్యసత్ప్రసాద ఆరాధన నేర్చుకుందాం – 4వ పాఠం: గంటల పట్టిక

పోయిన పాఠంలో దివ్యసత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా మారిన అప్పం) ఎదుట ఒంటరిగా ఒక గంట ప్రార్థనలో కూర్చోవడం సాధన చేశాం. పావుగంటకే చూపు గడియారం మీదికి పోయి ఉంటుంది. ఫర్వాలేదు, నాకు ఇప్పటికీ పోతుంది. ఈసారి మన ఒక్కరి గంటను విచారణ (మన గుడి సంఘం) అంతటి గంటగా చేయాలి. అందుకు ఒక అట్ట, స్కేలు, పెన్సిలు తెచ్చుకోండి. పెన్ను వద్దు.

నిత్యారాధన అంటే వారంలో 168 గంటలకూ మనిషి ఉండాలి. మనకు ఇప్పట్లో ఆ ఊసొద్దు. గురువారం సాయంత్రం 6 నుంచి 9 దాకా, మూడు గంటలు చాలు. కడరా భోజనం జరిగింది గురువారం రాత్రే. ఒక్క గంటైనా నాతో మేలుకొని ఉండలేకపోయారా అని ప్రభువు గెత్సేమని తోటలో శిష్యుల్ని అడిగిందీ ఆ రాత్రే. అందుకే 17వ శతాబ్దంలో ఫ్రాన్సులోని పారే-లె-మోనియల్ మఠంలో పునీత మార్గరెట్ మేరీ అలకోక్ గురువారాల్లో రాత్రి 11 నుంచి 12 దాకా ప్రార్థనలో ఉండేది. మా ఊళ్లో 11కి కుక్కలు తప్ప ఎవరూ మేలుకొని ఉండరు కాబట్టి మనం కాస్త ముందే మొదలెడదాం.

అట్ట మీద మూడు అడ్డవరసలు గీయండి. ఒక్కో వరసలో రెండు పేర్లకు చోటు ఉంచండి. కింద ‘అదనం’ అని రాసి ఇంకో రెండు గడులు గీయండి. అన్నీ కలిపి ఎనిమిది పేర్లు.

గంటకు ఇద్దరెందుకో చెప్తాను. మా విచారణలో మొదటిసారి పూజ అయ్యాక మైకులో ‘వీలైనవాళ్లు ఆరాధనకు రండి’ అని చెప్పి ఊరుకున్నాం. మొదటి వారం గుడి నిండింది. మూడో వారానికి ఒక అవ్వ మిగిలింది. పీఠం మీద మాన్‌స్ట్రెన్స్‌లో (అప్పం అందరికీ కనబడేలా ఉంచే పాత్రలో) దివ్యసత్ప్రసాదం ఉంది, ఎదురుగా ఆమె ఒక్కతే. బయట కొడుకు బండి మీద కూర్చుని హారన్ కొడుతున్నాడు. ఆమె లేవలేదు. ఫాదర్ గారు పక్క ఊళ్లో ప్రార్థన ముగించుకుని వచ్చేసరికి తొమ్మిదీ నలభై. “అయ్యను ఒంటరిగా వదిలేసి ఎట్టా రాను?” అంది. ఆమె చేసిందే సరైన పద్ధతి. మాన్‌స్ట్రెన్స్‌లో ఉంచినంతసేపూ ఎవరో ఒకరు ఎదుట ఉండాల్సిందే. తప్పంతా ‘వీలైనవాళ్లు’ అన్న మాటది, ఆ మాట అన్న మాది.

కాబట్టి మైకు వదిలేసి ఇళ్లకు వెళ్లండి. ఒక మనిషిని ఒక గంట అడగండి, గడువు చెప్పండి.

“అత్తా, గురువారం ఎనిమిది నుంచి తొమ్మిది. ఎనిమిది వారాలే. తర్వాత నీ ఇష్టం.”

“నాకు చదవను రాదు గదరా అబ్బాయ్.”

“జపమాల వచ్చుగా!”

మిరప కోతలకు పోయేవాళ్లకు 6 గంటల గడి ఇవ్వకండి. ఇంటికొచ్చి నీళ్లు పోసుకుని పొయ్యి వెలిగించే వేళ అది. రిటైరైన మేష్టార్లను అడగండి. మఠం సిస్టర్ల పేర్లతో గడులన్నీ నింపేయడం మహా తేలిక. అది మాత్రం చేయొద్దు, అప్పుడది మఠం ఆరాధన అవుతుంది గానీ విచారణది కాదు.

ఇంకో మాట. ఈ ఎనిమిది వారాలూ మూసిన మందసం (దివ్యసత్ప్రసాదాన్ని భద్రపరిచే పెట్టె) ముందే కూర్చోండి. అదీ ఆరాధనే, ఎవరైనా ఏ రోజైనా చేయొచ్చు. ఒక వారం పట్టిక తప్పినా ప్రభువును పీఠం మీద వదిలి వెళ్లినట్టు కాదు. మాన్‌స్ట్రెన్స్ సంగతి వేరు. 1983 నాటి తిరుసభ చట్టం 943వ నిబంధన ప్రకారం దాన్ని స్థాపించి దివ్యసత్ప్రసాద ఆశీర్వాదం ఇవ్వాల్సింది గురువో (ఫాదర్) డీకనో (గురువు తర్వాతి మెట్టు సేవకుడు). ప్రత్యేక పరిస్థితుల్లో సత్ప్రసాదం పంచే అనుమతి ఉన్న విశ్వాసులు, లేదా పీఠాధిపతి (బిషప్) నియమించినవారు బయట ఉంచవచ్చు, తిరిగి లోపల పెట్టవచ్చు. ఆశీర్వాదం మాత్రం ఇవ్వకూడదు. పట్టిక ఎనిమిది వారాలు నిలబడ్డాక విచారణ గురువులను ఆ సంగతి అడుగుదాం.

గంట మార్పిడి ఇలా. తర్వాతి వాళ్లు ఐదు నిమిషాలు ముందే వచ్చి మోకరించాలి. వాళ్లు కుదురుకున్నాకే ముందువాళ్లు లేవాలి. గుసగుసలు వద్దు, తల ఊపితే చాలు. బయట అట్ట మీద టిక్కు పెట్టి వెళ్లాలి. రాలేని రోజున ‘అదనం’ గడిలోని వాళ్లకు ఫోన్ చేయాల్సింది రాలేనివాళ్లే. ఫాదర్ గారికి కాదు, మీకూ కాదు. ఇది మొదటి రోజే చెప్పకపోతే గురువారాల్లో మీ ఫోను మోగుతూనే ఉంటుంది.

వచ్చే పాఠంలోపు పని: పట్టిక గీయండి. ఆదివారం పూజలోపు రెండే పేర్లు రాయండి, ఒకటి మీది. మిగతా ఆరు గడులూ ఖాళీగానే ఉండనివ్వండి, పూజకొచ్చినవాళ్లు చూస్తారు. రెండో వారానికే ఏడింటివాళ్లు ఎనిమిదికి మారతామంటారు. పెన్సిలు అందుకే, రబ్బరు కూడా దగ్గర పెట్టుకోండి.